ఫుడ్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్: సీటు ఎంచుకోవడం నుంచి ఉద్యోగంలో కుదురుకునే దాకా, ఏ వరుసలో ఏం చేయాలి

ఈ చదువు గురించి అడిగేవాళ్లందరూ చివరికి రెండు ప్రశ్నల దగ్గరికే వస్తారు. ఇందులో చేరాలా? చేరితే ఉద్యోగం వస్తుందా? డిగ్రీ పేరు చూసి వీటికి జవాబు చెప్పలేం. ఏ విభాగంలో చేరారు, ఏ సబ్జెక్టులు ఏ వరుసలో చదివారు, ప్లాంట్‌లో ఎంతకాలం నిలబడ్డారు అన్నదాన్ని బట్టి ఒకే డిగ్రీ ఒకరికి దారి చూపిస్తుంది, ఇంకొకరిని ఎటూ కాకుండా వదిలేస్తుంది.

నా దృష్టిలో ఈ చదువు బలమంతా ఒక్క నైపుణ్యంలో ఉంది. ప్లాంట్‌లో జరిగేదాన్ని డబ్బు లెక్కలో చెప్పగలగాలి. డబ్బు కోసం తీసుకునే నిర్ణయం ఆహార భద్రత మీద ఏం ప్రభావం చూపుతుందో కూడా చెప్పగలగాలి. కింద రాసిన ప్రతి అడుగూ దీన్ని సంపాదించడం కోసమే.

## 1. ముందుగా, ఇది మీ చదువేనా అని తేల్చుకోండి

దీన్ని ఫుడ్ టెక్నాలజీ అనుకుని చేరేవాళ్లున్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ అనుకునేవాళ్లూ ఉన్నారు. తేడా తెలియడానికి ఒక సమస్య తీసుకుందాం. గడువు ఇంకా రెండు నెలలు ఉండగానే బిస్కెట్లు మెత్తబడుతున్నాయని దుకాణాల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి.

ఫుడ్ టెక్నాలజిస్ట్ తేమ శాతం చూస్తాడు, ప్యాకింగ్ ఫిల్మ్‌లోంచి నీటి ఆవిరి ఎంత వేగంగా లోపలికి వెళుతోందో పరీక్షిస్తాడు, సీలు బలం కొలుస్తాడు. అకౌంటెంట్ వెనక్కి వచ్చిన సరుకు విలువ కడతాడు.

ఫుడ్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్ చదివినవారి ముందుకు వచ్చే ప్రశ్నలు వేరు. ఫిర్యాదులు ఏ లాట్ నంబర్లకు (ఒకే విడతలో తయారైన సరుకుకు ఇచ్చే గుర్తు) వస్తున్నాయి? ఆ లాట్లకు వాడిన ఫిల్మ్ ఏ సప్లయర్ ఇచ్చాడు? గిడ్డంగిలో ఆ ఫిల్మ్ ఇంకా ఎన్ని వారాలకు సరిపడా ఉంది? మంచి ఫిల్మ్‌కు మారితే ప్యాకెట్‌కు పెరిగే ఖర్చు ఎక్కువా, వెనక్కి వచ్చే సరుకు నష్టం ఎక్కువా? ఇది తినేవారి ఆరోగ్యానికి ముప్పా, నాణ్యత లోపమా? ముప్పు అయితే రీకాల్ చేయాలి, అంటే కొన్నవాళ్ల దగ్గర్నుంచి కూడా వెనక్కి తెప్పించాలి. నాణ్యత లోపమే అయితే సరుకును దుకాణాల నుంచి తెప్పించుకుంటే సరిపోవచ్చు.

ఈ ప్రశ్నలు చదువుతుంటే ఆసక్తి పుట్టిందా? అయితే ఇది మీ చదువే. ప్రయోగశాలలో కొత్త రుచులు తయారు చేయడమే మీకు ఇష్టమైతే ఫుడ్ సైన్స్‌లో చేరండి. ఇందులో చేరాక అటు మారడం కష్టం. ఫుడ్ సైన్స్ చదివి తర్వాత మేనేజ్‌మెంట్ వైపు రావడం అంతకంటే తేలిక.

చేరే ముందు నిజాయితీగా సరిచూసుకోవాల్సినవి:

- రోజూ అంకెలతో పనిచేయడం ఇబ్బంది అనిపించదు.
- తొలి ఏళ్లలో రాత్రి షిఫ్టులు, యంత్రాల మోత, సున్నాకు 18 డిగ్రీల సెల్సియస్ కింద ఉండే శీతల గిడ్డంగులు భరించగలను.
- నాకున్న అలర్జీలు, నేను తినని పదార్థాలు ఏ రకం పరిశ్రమలకు అడ్డొస్తాయో తెలుసు. రుచి చూడటం చాలా ఉద్యోగాల్లో భాగం.
- యంత్రం నడిపే ఆపరేటర్‌తోనూ, ఫైనాన్స్ అధికారితోనూ ఒకే రోజు మాట్లాడాల్సి వస్తే వెనకాడను.

మూడో అంశాన్ని చాలామంది పట్టించుకోరు. పాలు పడనివారు డెయిరీలో పనిచేయొచ్చు గానీ, రోజూ నమూనాలు రుచి చూసే విభాగంలో పనిచేయలేరు. ముందే తెలిస్తే వేరే రంగం ఎంచుకోవచ్చు.

## 2. సిలబస్‌ను ఎలా చదవాలి

యూనివర్సిటీ పేరు కంటే ముందు, ఈ కోర్సు అక్కడ ఏ విభాగం కింద ఉందో చూడండి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఇది వ్యవసాయ, ఆహార, వనరుల ఆర్థికశాస్త్ర విభాగంలో ఉంది. కార్నెల్‌లో డైసన్ బిజినెస్ స్కూల్ పరిధిలో నడుస్తుంది. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్‌లో ఫుడ్ మార్కెటింగ్‌గా దొరుకుతుంది. దగ్గరి చదువులే అయినా ఒకచోట మొగ్గు ఆర్థికశాస్త్రం వైపు, ఇంకోచోట వ్యాపారం వైపు, మరోచోట అమ్మకాల వైపు. ఇంజినీరింగ్ కళాశాలలో ఉంటే ప్రాసెసింగ్ వాటా ఎక్కువ.

తర్వాత సిలబస్ ముందు పెట్టుకుని సబ్జెక్టులను ఐదు కుప్పలుగా విడదీయండి:

- ఆహార రసాయనశాస్త్రం, మైక్రోబయాలజీ, ప్రాసెసింగ్
- ఆహార భద్రత, నాణ్యత, చట్టాలు
- ఉత్పత్తి నిర్వహణ, సప్లయ్ చైన్
- అకౌంటింగ్, ఫైనాన్స్
- గణాంకశాస్త్రం, డేటా విశ్లేషణ

మార్కెటింగ్, మానవ వనరులు, వ్యూహం లాంటివి ఎలాగూ ఉంటాయి. వాటిని లెక్కలోకి తీసుకోకండి. పై ఐదు కుప్పల్లో ఏదైనా ఖాళీగా ఉందా అన్నదే చూడండి. మైక్రోబయాలజీ ల్యాబ్ లేకపోతే అది ఆహారం పేరు తగిలించిన మామూలు మేనేజ్‌మెంట్ డిగ్రీ. మేనేజిరియల్ అకౌంటింగ్ (సంస్థ లోపలి నిర్ణయాల కోసం ఖర్చులు లెక్కకట్టడం) లేకపోతే మేనేజ్‌మెంట్ పేరు తగిలించిన టెక్నాలజీ డిగ్రీ. ఒక్క కుప్ప తక్కువైతే ఎలక్టివ్‌లతో పూడ్చుకోవచ్చు. రెండు తక్కువైతే వేరే చోటు చూసుకోవడం మేలు.

ప్రవేశాల విభాగాన్ని, ఇప్పటికే చదువుతున్న విద్యార్థులను అడగాల్సినవి:

- పరిశ్రమలో శిక్షణ తప్పనిసరా? ఎన్ని వారాలు? చోటు యూనివర్సిటీ చూపిస్తుందా, మనమే వెతుక్కోవాలా?
- పైలట్ ప్లాంట్ (శిక్షణ కోసం నడిపే చిన్న ప్లాంట్) నిజంగా నడుస్తోందా? చివరి బ్యాచ్ ఎప్పుడు తీశారు?
- పరిశ్రమలో పనిచేసినవాళ్లు పాఠాలు చెబుతున్నారా?
- గత రెండు మూడేళ్లలో బయటికి వెళ్లినవాళ్లు ఏ హోదాల్లో చేరారు?

చివరి ప్రశ్నకు "మా దగ్గర అందరికీ ఉద్యోగాలు వచ్చాయి" అంటే ఆగిపోకండి. హోదాల పేర్లు అడగండి. ప్రొడక్షన్ ట్రైనీ, క్వాలిటీ ఎగ్జిక్యూటివ్, డిమాండ్ ప్లానర్, కొనుగోలు విభాగం అని వినిపిస్తే కోర్సు పని చేస్తున్నట్టే. ఎక్కువమంది ఆహారంతో సంబంధం లేని అమ్మకాల ఉద్యోగాల్లో ఉంటే అది మీకు చెప్పాల్సింది చెప్పేసింది.

## 3. తరగతులు మొదలయ్యే లోపు

మూడు పనులు చాలు. శాతాలు, నిష్పత్తులు, యూనిట్ మార్పిడి తడబడకుండా చేయగలగాలి. స్ప్రెడ్‌షీట్‌లో పివట్ టేబుల్ దాకా రావాలి. మూడోది, ఇంట్లో ఉన్న పది ప్యాకెట్ల లేబుళ్లు చదవండి.

లేబుల్ చదవడం అంటే కేలరీలు చూడటం ఒక్కటే అనుకోవద్దు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంకలనమైన కోడెక్స్ అలిమెంటారియస్ లేబులింగ్ ప్రమాణం ప్రకారం పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఆ వరుస చూసి ఖర్చు ఎక్కడ పడుతోందో ఊహించండి. లాట్ నంబర్ ఎక్కడ ముద్రించారు, అలర్జీ హెచ్చరిక ఏ రూపంలో ఉంది, గడువు తేదీ "ఈలోపు వాడాలి" అంటోందా, "ఈ తేదీ దాకా నాణ్యత బాగుంటుంది" అంటోందా గమనించండి. మొదటిది భద్రత గురించి, రెండోది నాణ్యత గురించి. గిడ్డంగిలో మిగిలిన సరుకును ఏం చేయాలన్న నిర్ణయం ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

## 4. ఏ సబ్జెక్టు ముందు, ఏది తర్వాత

ఎలక్టివ్‌లు ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నచోట విద్యార్థులు ఎక్కువగా పొరబడేది వరుసలోనే. బ్రాండింగ్, వ్యూహం ముందు తీసుకుని మైక్రోబయాలజీని, గణాంకశాస్త్రాన్ని చివరి ఏడాదికి నెట్టేస్తారు. దాంతో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేనాటికి ప్లాంట్‌లో మాట్లాడే భాషే అర్థం కాదు. వరుస ఇలా ఉంటే మంచిది.

మొదటి దశ: ఆహార రసాయనశాస్త్రం, మైక్రోబయాలజీ, ఆర్థిక అకౌంటింగ్. మిగతావన్నీ వీటి మీదే నిలబడతాయి.

రెండో దశ: గణాంకశాస్త్రం, ప్రాసెసింగ్, పరిశుభ్రత పద్ధతులు, హ్యాసప్ (ప్రమాదాలను ముందే గుర్తించి కీలకమైన చోట్ల అదుపు చేసే ఆహార భద్రత పద్ధతి), మేనేజిరియల్ అకౌంటింగ్.

మూడో దశ: ఉత్పత్తి ప్రణాళిక, సప్లయ్ చైన్, ఆహార చట్టాలు. ఇంటర్న్‌షిప్ ఇక్కడ పడాలి.

చివరి దశ: రిటైల్, ధరల నిర్ణయం, కొత్త ఉత్పత్తుల అభివృద్ధి, వ్యూహం, ప్రాజెక్టు.

సైన్స్ భాగంలో కొన్ని అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. ఆహారంలో సూక్ష్మజీవులు చురుగ్గా పెరిగే 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ప్రాంతం. పాల పాశ్చరీకరణకు 72 డిగ్రీలు, 15 సెకన్లు. ఆమ్లత్వంలో పీహెచ్ 4.6. వాటర్ యాక్టివిటీ (ఆహారంలో సూక్ష్మజీవులకు అందుబాటులో ఉండే నీటి కొలత) 0.85.

వీటిని కంఠస్థం చేస్తే సరిపోదు. ఒక్కో అంకె వెనుక ఉన్న డబ్బు కూడా తెలియాలి. పీహెచ్ 4.6నే తీసుకోండి. సీసాలో మూసి, గది ఉష్ణోగ్రతలో నిల్వ ఉంచే పుల్లటి సాస్ ఒకటి ఉంది. దాని పీహెచ్ 4.0. మార్కెటింగ్ విభాగం వచ్చి, పులుపు ఎక్కువైందని జనం అంటున్నారు, వెనిగర్ తగ్గించండి అంటుంది. తగ్గిస్తే పీహెచ్ 4.8కి చేరిందనుకుందాం. 4.6 కంటే కింద క్లోస్ట్రీడియం బోటులినం అనే ప్రమాదకర బాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటి నిద్రాణ రూపాలు) మొలకెత్తి విషాన్ని తయారు చేయలేవు. పైకి వెళ్లాక, గాలి చొరబడని సీసాలో ఆ ప్రమాదం నిజమవుతుంది. ఇప్పుడు మామూలుగా వేడిచేసి నింపితే చాలదు. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒత్తిడిలో స్టెరిలైజ్ చేయాలి, లేదా మొదటి నుంచి చివరి దాకా చల్లగా ఉంచి అమ్మాలి. కొత్త యంత్రాలు, కొత్త సీసా, కొత్త అనుమతులు, వేరే రవాణా. రుచిలో చిన్న మార్పు అనుకున్నది పెట్టుబడి నిర్ణయంగా మారిపోయింది. ఆ సమావేశంలో ఈ మాట లెక్కతో సహా చెప్పగలిగే మనిషి కోసమే ఈ డిగ్రీ పుట్టింది.

హ్యాసప్ విషయంలో ఏడు సూత్రాలు ఉన్నాయి: ప్రమాదాల విశ్లేషణ, కీలక నియంత్రణ బిందువుల గుర్తింపు, వాటికి పరిమితులు, పర్యవేక్షణ, పరిమితి దాటినప్పుడు దిద్దుబాటు, పద్ధతి పనిచేస్తోందో లేదో నిర్ధారణ, రికార్డులు. విద్యార్థుల ప్రణాళికల్లో కనిపించే లోపం, ప్రతి అడుగునూ కీలక బిందువుగా రాసేయడం. చేతులు కడుక్కోవడం, ఎలుకల నివారణ, నేల శుభ్రత ఇవన్నీ ముందుగా ఉండి తీరాల్సిన ప్రాథమిక ఏర్పాట్లు. అక్కడ అదుపు తప్పితే తర్వాత సరిదిద్దే అవకాశం లేని చోటే కీలక బిందువు. పాశ్చరీకరణ, మెటల్ డిటెక్టర్ అందుకు మంచి ఉదాహరణలు. మీ ప్రణాళికలో పదిహేను కీలక బిందువులు ఉంటే వాటిని ఎవరూ సరిగ్గా చూడలేరు. మళ్లీ రాయండి.

## 5. ఒక ప్యాకెట్ మీద లెక్క సాధన చేయండి

ఈ సాధన చేసినవారికీ చేయనివారికీ తేడా ఇంటర్వ్యూలో తెలిసిపోతుంది. అందుకే కాస్త నిదానంగా వెళ్దాం.

ప్యాకెట్ మీద 500 గ్రాములు అని ఉంది. లైన్ నిమిషానికి 60 ప్యాకెట్లు నింపుతోంది. సగటు బరువు తూస్తే 508 గ్రాములు వస్తోంది. అంటే ప్యాకెట్‌కు 8 గ్రాములు ఉచితంగా పోతున్నాయి.

- నిమిషానికి 8 × 60 = 480 గ్రాములు
- గంటకు 28.8 కిలోలు
- రెండు షిఫ్టుల 16 గంటల్లో సుమారు 460 కిలోలు

ఇక్కడ తొందరపడి "సగటును 503కి తగ్గించండి" అంటే పట్టుబడిపోతారు. బరువుల్లో స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ ఉండే హెచ్చుతగ్గుల కొలత) 3 గ్రాములు ఉందనుకోండి. సగటు 508 ఉన్నప్పుడు 500 కంటే తక్కువ తూగే ప్యాకెట్లు వెయ్యికి నాలుగు. సగటును 503కి దించితే అవి నూటికి పదహారు అవుతాయి. అంత తేడాను తూకం చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందు చూడాలి.

ముందుగా తగ్గించాల్సింది హెచ్చుతగ్గులను. ఫిల్లర్ నాజిళ్లు ఒకేలా నింపుతున్నాయా, పదార్థం గట్టిదనం బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మారుతోందా, బరువు తూచే లోడ్ సెల్ క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు అని వెతకాలి. డీవియేషన్ 1.2 గ్రాములకు వచ్చాక సగటు 503 పెడితే తక్కువ తూకం ప్యాకెట్లు వెయ్యికి ఆరు చుట్టూ ఉంటాయి. అప్పుడు ప్యాకెట్‌కు 5 గ్రాములు, రోజుకు 288 కిలోలు మిగులుతాయి. దాన్ని ముడిసరుకు ధరతో హెచ్చించి, ఫిల్లర్ మరమ్మతు ఖర్చు ఎన్ని వారాల్లో తిరిగొస్తుందో కట్టండి.

ఒక్క లెక్కలో గణాంకశాస్త్రం, చట్టం, యంత్ర నిర్వహణ, ఫైనాన్స్ నాలుగూ వచ్చాయి. ఇలాంటివే మరో రెండు చేసి పెట్టుకోండి.

మొదటిది ఓఈఈ, అంటే తీయగలిగిన గరిష్ఠ ఉత్పత్తిలో మంచి సరుకు ఎంత శాతం వచ్చిందన్న కొలత. షిఫ్ట్‌లో ప్రణాళిక ప్రకారం 450 నిమిషాలు లైన్ నడవాలి, వేగం నిమిషానికి 60 అయితే గరిష్ఠంగా 27,000 ప్యాకెట్లు. గంటసేపు లైన్ ఆగింది, మిగతా సమయంలో 21,000 ప్యాకెట్లు వచ్చాయి, వాటిలో మంచివి 20,500. ఓఈఈ సుమారు 76 శాతం. మిగతా 24 శాతంలో ఎంత ఆగిపోవడం వల్ల, ఎంత వేగం తగ్గడం వల్ల, ఎంత చెడు సరుకు వల్ల పోయిందో విడదీయడమే అసలు పని.

రెండోది మార్జిన్, మార్కప్ తేడా. 80కి కొని 100కి అమ్మితే, అమ్మిన ధర మీద లెక్కేసే మార్జిన్ 20 శాతం, కొన్న ధర మీద లెక్కేసే మార్కప్ 25 శాతం. చిన్న విషయమే. రిటైల్ ఇంటర్వ్యూల్లో ఇక్కడ తడబడితే మాత్రం మిగతా మాటల మీద నమ్మకం పోతుంది.

## 6. ఇంటర్న్‌షిప్

సర్టిఫికెట్ కోసం వెళ్లేవారికి సర్టిఫికెట్టే దొరుకుతుంది. పేరున్న పెద్ద సంస్థ ప్రధాన కార్యాలయంలో ప్రజెంటేషన్లు దిద్దడం కంటే, మధ్యస్థాయి ప్లాంట్‌లో లైన్ పక్కన నిలబడటం మీకు ఎక్కువ నేర్పుతుంది. నా సలహా, తొలి ఇంటర్న్‌షిప్ ప్లాంట్‌లోనే చేయండి.

సమయం. ముడిసరుకు సీజన్‌లో వెళ్లండి. పండ్లు, కూరగాయలు ప్రాసెస్ చేసే చోట్లు సీజన్‌లో ఉన్నంత హడావిడిగా ఇంకెప్పుడూ ఉండవు. మనుషుల అవసరం ఉంటుంది కాబట్టి మీకు నిజమైన పని అప్పగిస్తారు. దరఖాస్తు ఐదారు నెలల ముందే పంపాలి.

దరఖాస్తు. "నాకు అవకాశం ఇవ్వండి" అని కాకుండా చేయబోయే పని రాయండి. "తూకంలో ఎక్కువ పోతున్న సరుకు లెక్క తీసి నివేదిక ఇస్తాను", "లైన్ ఆగిపోవడానికి కారణాలు నాలుగు వారాలు నమోదు చేసి విశ్లేషిస్తాను" అని రాస్తే ప్లాంట్ మేనేజర్ చదువుతాడు.

మొదటి వారం. ఉంగరాలు, గాజులు, వాచీ, గోళ్ల రంగు, అత్తరు ఇవేవీ వద్దు. జుట్టు పూర్తిగా కప్పుకోవాలి. ఒంట్లో బాగోకపోతే, ముఖ్యంగా వాంతులు, విరేచనాలు ఉంటే, సూపర్‌వైజర్‌కు చెప్పకుండా లోపలికి వెళ్లకూడదు. ఇవి లాంఛనాలు కావు, ఇతరుల ఆరోగ్యానికి సంబంధించినవి. ఆ వారమంతా సరుకు వచ్చే గేటు నుంచి డిస్పాచ్ దాకా నడిచి, ప్రాసెస్ ఫ్లో మీ చేత్తో గీయండి. గోడ మీద ఉన్న ఫ్లో చార్టుకూ నిజంగా జరిగేదానికీ తేడాలుంటే విడిగా రాసుకుని, ముందుగా సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. వాటికి కారణాలుండొచ్చు.

ట్రేసబిలిటీ సాధన. అనుమతి అడిగి ఇది తప్పక చేయండి. పూర్తయిన ప్యాకెట్ ఒకటి తీసుకోండి. లాట్ నంబర్ పట్టుకుని వెనక్కి వెళ్లండి: ఏ రోజు, ఏ షిఫ్ట్, ఏ ముడిసరుకు లాట్లు, ఏ సప్లయర్లు, ఏ ప్యాకింగ్ రోల్. అక్కడి నుంచి ముందుకు రండి: అవే ముడిసరుకు లాట్లు ఇంకా ఏయే ఉత్పత్తుల్లోకి వెళ్లాయి, అవి ఎవరెవరికి పంపారు. చివరికి బరువులు సరిపోవాలి. వాడిన ముడిసరుకు, తయారైన సరుకు, వృథా, మిగిలింది కలిపి లెక్క కుదరాలి. బీఆర్‌సీజీఎస్ అనే అంతర్జాతీయ ఆహార భద్రత ప్రమాణం ఈ మొత్తాన్ని 4 గంటల్లో తేల్చగలగాలని కోరుతుంది. మీకు మొదటిసారి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. లెక్క ఎక్కడ తెగిందో చూడండి. మిగిలిపోయిన పిండినో మిశ్రమాన్నో తర్వాతి బ్యాచ్‌లో కలిపే చోట తెగడం మామూలు.

బయటికి వచ్చే ముందు చేతిలో ఉండాల్సినవి:

- అంకెల్లో ఒక ఫలితం (ఎంత తగ్గింది, ఎంత మిగిలింది, ఎన్ని నిమిషాలు)
- ఆ ఫలితం ఎలా కొలిచారో ఒక పేజీ వివరణ
- సంస్థ రహస్యాలు బయటపెట్టకుండా ఎంత చెప్పొచ్చో మేనేజర్ నుంచి స్పష్టత
- మీ పని స్వయంగా చూసిన ఇద్దరి నుంచి, అడిగితే చెబుతామన్న మాట

## 7. ఉద్యోగాలు ఎక్కడున్నాయి

ఉత్పత్తి. షిఫ్ట్ ట్రైనీగా మొదలై షిఫ్ట్ ఇన్‌చార్జి, ప్రొడక్షన్ మేనేజర్, ప్లాంట్ మేనేజర్ దాకా దారి ఉంటుంది. శ్రమ ఎక్కువ, ఎదుగుదల స్పష్టం. మనుషులను నడిపించడం చిన్న వయసులోనే వస్తుంది. ఎటు వెళ్లాలో తేలనివారు ఇక్కడ మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఇక్కడి నుంచి ఏ విభాగానికైనా వెళ్లొచ్చు, వేరే విభాగాల నుంచి ఇక్కడికి రావడం కష్టం.

నాణ్యత, భద్రత, నియంత్రణ వ్యవహారాలు. రికార్డులు, ఆడిట్లు, సప్లయర్ల ఆమోదం, లేబుళ్ల పరిశీలన. ఉత్పత్తి ఆపమని చెప్పాల్సిన రోజు వస్తుంది, ఆ రోజు నిలబడగలగాలి. అనుభవం వచ్చాక ఆడిటర్‌గా, సలహాదారుగా మారే వీలుంది.

కొనుగోళ్లు, ప్లానింగ్, గిడ్డంగి, రవాణా. ఆహారం పాడైపోయే సరుకు కాబట్టి ఇక్కడ తప్పు త్వరగా బయటపడుతుంది. ముందు వచ్చింది ముందు పంపడం కంటే, గడువు ముందు ముగిసేది ముందు పంపడం ముఖ్యం. అంకెల మీద పట్టున్నవారు త్వరగా పైకి వస్తారు.

రిటైల్, కేటగిరీ మేనేజ్‌మెంట్. ఏ సరుకు, ఎంత ధరకు, ఎంత చోటులో, ఎన్ని రోజుల నిల్వతో. అమ్మకాల డేటా ఇష్టపడేవారికి.

కొత్త ఉత్పత్తుల సమన్వయం. ఫార్ములా మీరు రాయరు. ల్యాబ్, ప్యాకింగ్, ఫైనాన్స్, ప్లాంట్ అందరినీ ఒక తేదీకి చేర్చడం మీ పని.

ఇవి కాక కేటరింగ్ నిర్వహణ, ఎగుమతి పత్రాలు, యంత్రాల అమ్మకం, ఇన్‌గ్రీడియెంట్ కంపెనీలు ఉన్నాయి. వృథా తగ్గించే పని కూడా ఇప్పుడు విడి బాధ్యతగా మారుతోంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక లెక్క ప్రకారం 2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాల స్థాయిలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. దీన్ని తగ్గించే మనిషికి గణాంకాలూ, కోల్డ్ చైనూ, ఖర్చు లెక్కా కలిపి తెలియాలి. మీ సిలబస్ అదే.

జీతాల విషయంలో ఒక మాట. తొలి జీతం ఇంకో రంగంలో చేరిన స్నేహితుడి కంటే తక్కువ ఉండొచ్చు. పోల్చాల్సింది మూడేళ్ల తర్వాత చేతికి వచ్చే బాధ్యతతో. ఆర్థిక పరిస్థితి ఎలా ఉన్నా మనుషులు తినడం మానరు కాబట్టి ఈ పరిశ్రమలో ఒడిదుడుకులు కొంత తక్కువ. అయితే లాభాల శాతం సన్నగా ఉండే రంగం ఇది, ఖర్చు తగ్గించమన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది.

## 8. సర్టిఫికెట్లు: ఏది ఎప్పుడు

హ్యాసప్ శిక్షణ డిగ్రీలో ఉండగానే పూర్తి చేయండి. ఐఎస్‌ఓ 22000 (ఆహార భద్రత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) అంతర్గత ఆడిటర్ కోర్సు ఇంటర్న్‌షిప్ అయ్యాక చేస్తే అర్థమవుతుంది. ప్రస్తుత కూర్పు 2018 నాటిది, పాత నోట్సు చదవకండి. లీడ్ ఆడిటర్ కోర్సు చదువుకునే రోజుల్లో వద్దు. ధర ఎక్కువ, పైగా ఆడిటర్‌గా తీసుకునే సంస్థలు కోర్సుతో పాటు పరిశ్రమలో పని అనుభవం అడుగుతాయి. ప్లానింగ్ వైపు వెళ్లేవారికి వృథాను, లోపాలను తగ్గించే పద్ధతులైన లీన్, సిక్స్ సిగ్మా ప్రాథమిక స్థాయి ఉపయోగమే, నిజమైన ప్రాజెక్టుతో కలిపి చేసినప్పుడు.

## 9. రెజ్యూమె, ఇంటర్వ్యూ

"కష్టపడే స్వభావం, బృందంతో కలిసి పనిచేస్తాను" అన్న వాక్యాలు తీసేయండి. వాటి స్థానంలో చేసిన పని, కొలిచిన పద్ధతి, వచ్చిన అంకె ఉండాలి. "నాణ్యత విభాగంలో శిక్షణ పొందాను" కంటే "మూడు లైన్లలో ఆగిపోవడానికి కారణాలు నమోదు చేశాను, ఎక్కువ సమయం తినేసింది ఫిల్మ్ రోల్ మార్పిడి అని తేలింది" అన్నది బలంగా ఉంటుంది.

ఇంటర్వ్యూకి ముందు ఆ సంస్థ ఉత్పత్తి ఒకటి కొని లేబుల్ చదివి, దాని ప్రాసెస్ ఫ్లో, ఉండే అవకాశమున్న కీలక నియంత్రణ బిందువులు ఒక కాగితం మీద రాసుకోండి. మీరు రాసింది పూర్తిగా సరైనది కాకపోయినా ఫర్వాలేదు. దాని మీద మొదలైన సంభాషణ మంచి దారిలో వెళుతుంది.

తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: "డిస్పాచ్‌కి లారీ సిద్ధంగా ఉంది, పరీక్ష ఫలితం ఇంకా రాలేదు, కస్టమర్ ఫోన్ చేస్తున్నాడు, ఏం చేస్తావు?" సరుకు ఆపేస్తాను అని చెప్పి ఊరుకుంటే సగం జవాబే. ఫలితం ఎప్పుడొస్తుందో కనుక్కోవడం, విడుదలైన వేరే లాట్ ఉంటే దాన్ని పంపడం, కస్టమర్‌కు కొత్త సమయం చెప్పడం, ఈ పరిస్థితి మళ్లీ రాకుండా నమూనాలు ముందే పంపే ఏర్పాటు చేయడం, ఈ నాలుగూ చెప్పాలి.

## 10. చేరిన తర్వాత రెండేళ్లు, మాస్టర్స్ ఆలోచన

మొదటి ఆరు నెలలు ఏమీ మార్చబోకండి. ఆపరేటర్లు ఎందుకలా చేస్తున్నారో తెలుసుకోండి. ఏడాది లోపు ఒక సమస్యను మీ పేరు మీద తీసుకుని ముగించండి. రెండో ఏడాది పక్క విభాగంలో పని అడగండి. నాణ్యతలో ఉంటే ప్లానింగ్, ఉత్పత్తిలో ఉంటే కొనుగోళ్లు.

మాస్టర్స్ చేయాలా అన్న ప్రశ్న డిగ్రీ చివరి ఏడాదిలోనే మొదలవుతుంది. రెండేళ్లు పనిచేశాక చేయడమే మంచిదంటాను. మొదట ఏ కుప్ప తక్కువైందో అప్పటికి మీకే తెలిసి ఉంటుంది. సైన్స్ తక్కువైతే ఆహార భద్రతలో, లెక్కలు తక్కువైతే సప్లయ్ చైన్‌లో, వ్యాపారం తక్కువైతే ఎంబీఏ. పరిశోధన, బోధన వైపు వెళ్లాలనుకునేవారు మాత్రం ఆగకుండా వెంటనే చేరిపోవచ్చు.

దరఖాస్తు చేసే ముందు సరిచూసుకోండి:

- ఈ మాస్టర్స్ లేకుండా నేను కోరుకున్న హోదా రాదా? ఆ హోదాలో ఉన్న ఇద్దరిని అడిగానా?
- ఫీజు, ఆ కాలంలో వదులుకునే జీతం కలిపి లెక్క కట్టానా?
- నా సంస్థ ఖర్చులో భాగం భరిస్తుందేమో కనుక్కున్నానా?
- సిలబస్‌లో డిగ్రీలో చదివిందే మళ్లీ ఎంత ఉంది?